హోగార్త్ ప్రెస్: ముద్రణాలయమా, ప్రచురణ సంస్థా?

సందేహం: లండన్‌కు చెందిన ‘హోగార్త్ ప్రెస్’ చరిత్ర మీద వ్యాసం రాస్తూ అంతటా ‘హోగార్త్ ముద్రణాలయం’ అన్నాను. సంపాదకులు అన్నిచోట్లా ‘ప్రచురణ సంస్థ’ అని దిద్దారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: పేరును ‘హోగార్త్ ప్రెస్’ అనే ఉంచండి, దాన్ని తెలుగు చేయక్కర్లేదు. అదేమిటో చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు. మనం అచ్చు యంత్రాన్నీ, అది ఉన్న చోటునీ, విలేకరులనీ కూడా ప్రెస్సే అంటాం (బైకుల మీద రాసుకునేది ఈ మూడోది). పుస్తకాలు వేసే కంపెనీని అలా అనడం తక్కువ. ముద్రణాలయం అంటే అచ్చు వేసే చోటు మాత్రమే. మన పాత పుస్తకాల్లో ‘ఫలానా ముద్రాక్షరశాల’ అని ఒకచోట, ప్రకాశకుల (అంటే ప్రచురణకర్తల) పేరు వేరేచోట ఉండేది అందుకే.

1917లో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, ఆమె భర్త లియొనార్డ్ కలిసి లండన్ శివారు రిచ్‌మండ్‌లోని తమ ఇల్లు హోగార్త్ హౌస్‌లో, భోజనాల గదిలోనే ఒక చిన్న చేతి యంత్రం పెట్టుకున్నారు. అచ్చుపని నేర్పే బడి వాళ్లను చేర్చుకోలేదు. యంత్రంతో పాటు వచ్చిన చిన్న పుస్తకం చూసి తంటాలు పడుతూ నేర్చుకున్నారు. ఆవిడ అక్షరాలు కూర్చేది, ఆయన యంత్రం నడిపేవాడు. చెరో కథతో తెచ్చిన తొలి పుస్తకం 150 ప్రతులు. ఇక్కడ మీ ‘ముద్రణాలయం’ చక్కగా నప్పుతుంది.

మరుసటి ఏడాదికే లెక్క మారింది. కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ ‘ప్రెల్యూడ్’కు అక్షరాలు ఇంట్లో కూర్చి, అచ్చు మాత్రం దగ్గర్లోని మరో ప్రెస్సు యంత్రం మీద వేశారు. 1922లో వర్జీనియా నవల ‘జేకబ్స్ రూమ్’ ప్రచురణ హోగార్త్‌ది, ముద్రణ ఎడిన్‌బరోలోని ఆర్. అండ్ ఆర్. క్లార్క్ వాళ్లది. పోనీ ఆ ఏడుతో గీత గీద్దామా అంటే, 1923లో ఎలియట్ కావ్యం ‘ద వేస్ట్ ల్యాండ్’కు మళ్లీ ఆవిడే అక్షరం అక్షరం కూర్చింది! కాబట్టి సంవత్సరాన్ని బట్టి కాదు, పుస్తకాన్ని బట్టి రాయాలి. సంపాదకులు అన్నిచోట్లా ఒకే మాట పెట్టడం నాకు నచ్చలేదు. భోజనాల గది కథంతా అందులో మాయమైపోతుంది.

అయితే 1924 నుంచి వచ్చిన మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ రచనల అనువాదాల దగ్గర సంపాదకుల దిద్దుబాటే సరి. అక్కడ ‘ముద్రించింది’ అని రాసి ఉంటే ‘ప్రచురించింది’ చేయండి. 1946లో చాటో అండ్ విండస్ అనే మరో ప్రచురణ కంపెనీలో కలిసింది కూడా ప్రచురణ సంస్థే.