టెక్ సందేహాలు: ప్రింటర్ లేకపోయినా ‘ప్రింట్’ నొక్కండి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ట్యాబ్, పీడీఎఫ్‌ల గొడవే. అడ్మిషన్లు, ఆస్తి పన్ను రసీదులు, పొలం కాగితాలు, ఎవరి అవసరం వాళ్లది. అన్నీ వరసగా చదివితే చాలా చిక్కులకు మూలం ఒక్కటేనని తేలింది. పీడీఎఫ్‌లలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. రెండోది కాగితానికి తీసిన ఫొటో, పైన పీడీఎఫ్ అనే కవరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫైల్ సైజు ఎందుకు అంత పెరిగింది, వెతికితే పదం ఎందుకు దొరకడం లేదు, కాపీ ఎందుకు కావడం లేదు అనేవన్నీ ఈ తేడా దగ్గరే తేలతాయి. మీ ఫైల్ ఏ రకమో తెలియాలంటే ఏదో ఒక పదం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టండి. పదం సెలెక్ట్ అయితే మొదటి రకం. కాకపోతే అది ఫొటోనే. (కొన్ని స్కానింగ్ యాప్‌లు ఫొటో వెనక కనిపించకుండా అక్షరాలు కూడా చేరుస్తాయి. వాటి సంగతి వేరు.)

ప్రశ్న: రిటైరయ్యాక మా అబ్బాయి ఆండ్రాయిడ్ ట్యాబ్ కొనిచ్చాడు. ఆస్తి పన్ను ఆన్‌లైన్‌లో కట్టాను. రసీదు పేజీ రాగానే క్రోమ్‌లో డౌన్‌లోడ్ గుర్తు నొక్కాను. డౌన్‌లోడ్ అయ్యిందని చూపించింది కానీ పీడీఎఫ్ ఎక్కడా లేదు. జిరాక్స్ సెంటర్‌కి పంపితే ఫైల్ తెరుచుకోవట్లేదన్నారు. దీనికి ఏ యాప్ వేసుకోవాలి?
(దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

ఏ యాప్ అక్కర్లేదండీ. మీరు నొక్కిన డౌన్‌లోడ్ గుర్తు ఆ వెబ్‌పేజీని నెట్ లేనప్పుడు చదువుకోవడానికి దాచిపెడుతుంది. అది ఎంహెచ్‌టీఎంఎల్ అనే వేరే రకం ఫైల్. మీ క్రోమ్‌లో తెరుచుకుంటుంది గానీ, జిరాక్స్ సెంటర్ వాళ్లకు పనికిరాదు.

మీకు కావాల్సింది ‘ప్రింట్’ అనే మాట వెనక దాక్కుని ఉంది. రసీదు పేజీలో ఉండగానే పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘షేర్’లోకి వెళ్లండి. అక్కడ ‘ప్రింట్’ ఎంచుకోండి. పైభాగంలో ప్రింటర్ పేరు ఉండే చోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ కనిపిస్తుంది. వేరే ఏదైనా ఉంటే దాన్ని నొక్కి ఇది పెట్టుకోండి. పేపర్ సైజు ‘లెటర్’ అని ఉంటే ‘ఏ4’కు మార్చండి. అది అమెరికా కొలత, మన దుకాణాల్లో దొరికేది ఏ4. తర్వాత పీడీఎఫ్ బటన్ నొక్కితే ఫైల్ పేరు, ఫోల్డర్ అడుగుతుంది. పేరు అక్కడే ‘ఆస్తి పన్ను 2025’ అన్నట్టు పెట్టుకోండి. ‘డాక్యుమెంట్ 3’, ‘డాక్యుమెంట్ 4’ అని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత దొరకబుచ్చుకోవడం మీ వల్ల కాదు, మీ అబ్బాయి వల్లా కాదు.

ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2013లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచీ ఉంది. ఇంట్లో ప్రింటర్ లేని మనిషి ‘ప్రింట్’ మీద ఎందుకు నొక్కుతాడన్న ఆలోచన మాత్రం ఆ బటన్‌కు పేరు పెట్టినవాళ్లకు తట్టలేదు. అందుకే జనం ప్లే స్టోర్‌లోకి వెళ్లి ‘పీడీఎఫ్ మేకర్’ అని వెతుకుతారు. దొరికేవాటిలో చాలా వాటికి యాడ్స్ ఎక్కువ. కొన్ని పేజీ మీద తమ ముద్ర వేస్తాయి. కొన్ని మీ ఫైల్‌ను తమ సర్వర్‌కు పంపించుకుని, అక్కడ మార్చి తిరిగిస్తాయి. పన్ను రసీదుకు అంత ప్రయాణం ఎందుకు? పీడీఎఫ్‌ను 1993లో అడోబీ సంస్థ తెచ్చింది నిజమే కానీ, 2008లో అది ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది. అప్పటి నుంచి ఎవరైనా తమ పరికరంలో కలుపుకోవచ్చు. మీ ట్యాబ్ తయారుచేసినవాళ్లూ కలిపే ఇచ్చారు.

ఒక జాగ్రత్త. డబ్బు కట్టాక రసీదు పేజీ రాగానే ఈ పని చేసేయండి. వెనక్కి వెళ్లి మళ్లీ వస్తే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని చూపించే సైట్లు మనకు కొత్త కాదు.

ఐప్యాడ్ ఉన్నవాళ్లకు కూడా ఇదే దారి, చిన్న మలుపుతో. ‘షేర్’లో ‘ప్రింట్’ నొక్కాక చిన్నగా కనిపించే పేజీ బొమ్మను రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసినట్టు విప్పండి. అదే పీడీఎఫ్‌గా తెరుచుకుంటుంది. మళ్లీ ‘షేర్’ నొక్కి ‘సేవ్ టు ఫైల్స్’ అనండి. సఫారీలో స్క్రీన్‌షాట్ తీసి ‘ఫుల్ పేజ్’ ఎంచుకునే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే వెబ్‌పేజీ మొత్తం తాటాకులా ఒకే పొడుగు పేజీగా వస్తుంది. చదువుకోవడానికి బాగుంటుంది, ప్రింటు తీయడానికి ఇబ్బంది పెడుతుంది. రసీదులకు మొదటి పద్ధతే మేలు.

ప్రశ్న: నాన్నగారి పేరు మీద ఉన్న పాత దస్తావేజులు స్కాన్ చేసి అమెరికాలో ఉన్న అన్నయ్యకు పంపాలి. ట్యాబ్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే 70 ఎంబీ దాటింది. మెయిల్ వెళ్లట్లేదు. పైగా స్టాంప్ పేపర్లు కింద కోసేసినట్టు వస్తున్నాయి.
(ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

మెయిల్ వెళ్లకపోవడానికి కారణం సులువే. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ల పరిమితి 25 ఎంబీ. మీది పూర్తిగా ఫొటో రకం పీడీఎఫ్ కాబట్టి పేజీ పేజీకీ బరువు పెరుగుతూ పోతుంది. సైజు తగ్గించే ముందు అసలు తీసే పద్ధతి మారుద్దాం.

కెమెరాతో ఫొటో తీసి గ్యాలరీ నుంచి కలపకండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ సదుపాయం ఉంది. కెమెరా గుర్తు గానీ ప్లస్ గుర్తు గానీ నొక్కితే వస్తుంది. ఐప్యాడ్‌లో అయితే నోట్స్ యాప్‌లో ‘స్కాన్ డాక్యుమెంట్స్’ ఉంటుంది. ఇవి కాగితం అంచులు తామే గుర్తుపట్టి, వంకర సరిచేసి, పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కడతాయి.

ట్యాబ్ కెమెరా సరిపోతుందా అని మీరు అడగలేదు కానీ చాలామందికి ఆ అనుమానం ఉంటుంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) నాణ్యతతో స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు, అంటే 87 లక్షలు. 8 మెగాపిక్సెల్ కెమెరా దానికి దగ్గరగా వస్తుంది, కాగితం ఫ్రేమ్ నిండా ఉంటేనే. దూరం నుంచి తీస్తే చుట్టూ ఉన్న టేబుల్‌కే సగం పిక్సెళ్లు పోతాయి. అసలు ఇబ్బంది వెలుతురుతో. ట్యాబ్ పెద్దది కాబట్టి పైన ట్యూబ్‌లైట్ ఉంటే ట్యాబ్ నీడ కాగితం మీదే పడుతుంది. పగటి పూట కిటికీ పక్కన, వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోండి. ఇంట్లో మంచి కెమెరా ఉన్న ఫోన్ ఉంటే దాంతోనే స్కాన్ చేయండి. అదే జీమెయిల్ ఖాతా అయితే డ్రైవ్ ద్వారా ఫైల్ ట్యాబ్‌లోనూ కనిపిస్తుంది.

ఇక కోసేసినట్టు రావడం. ఏ4 కాగితం పొడుగు 297 మిల్లీమీటర్లు. దస్తావేజులు రాసే కాగితం సాధారణంగా లీగల్ సైజు, అది 356 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. యాప్ సెట్టింగ్స్‌లో పేపర్ సైజు ఏ4 అని ఉంటే దాన్ని తీసేసి ఆటో గానీ, లీగల్ గానీ పెట్టండి. అంచులు గుర్తించాక నాలుగు మూలల చుక్కలు మీరే లాగి కాగితం చివరి దాకా సర్దండి. అట్టడుగున ఉండే సాక్షి సంతకాలే ఇలా పోతుంటాయి. తర్వాత ఎవరైనా ప్రింటు తీసినా ‘లీగల్ మీద తీయండి’ అని చెప్పాలి.

సైజు తగ్గాలంటే ముద్రలు, వేలిముద్రలు ఉన్న పేజీలు కలర్‌లో, మిగతావి గ్రేస్కేల్‌లో, అంటే బూడిద రంగు ఛాయల్లో తీయండి. ‘బ్లాక్ అండ్ వైట్’ ఫిల్టర్ జోలికి మాత్రం పోవద్దు. దాంతో ఫైల్ బాగా చిన్నదవుతుంది, నిజమే. పాత చేతిరాతలో వెలిసిపోయిన సిరా కూడా దాంతోపాటే మాయమవుతుంది. సర్వే నంబరులో 7 ఏదో 1 ఏదో తెలియకపోతే ఆ స్కాన్ ఎందుకు? ఇంతా చేసినా 25 ఎంబీ దాటితే దస్తావేజుకో ఫైల్ చొప్పున విడగొట్టండి. లేదా డ్రైవ్‌లో పెట్టి మీ అన్నయ్య మెయిల్ ఐడీకి మాత్రమే అనుమతి ఇవ్వండి. ‘ఎనీవన్ విత్ ద లింక్’ పెట్టకండి. వాట్సాప్‌లో అయితే గ్యాలరీ నుంచి కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి, 2 జీబీ వరకు వెళ్తుంది.

పీడీఎఫ్ సైజు ఉచితంగా తగ్గిస్తామనే ఊరూపేరూ లేని సైట్లకు ఆస్తి కాగితాలు అప్‌లోడ్ చేయొద్దు. ఒకప్పుడు మన ఫోన్లన్నిటిలో ఉన్న క్యామ్‌స్కానర్‌ను 2020 జూన్‌లో మరో 58 యాప్‌లతో కలిపి కేంద్రం నిషేధించింది. బయటి నుంచి ఎక్కడో దొరికే ఫైల్‌తో దాన్ని మళ్లీ ఎక్కించుకునే ప్రయత్నాలు వద్దు. ఇంకో మాట. మీరు చేసిన స్కాన్ చూసుకోవడానికే. రేపు ఎక్కడైనా రుజువు అడిగితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాలి.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. తెలుగు మెటీరియల్ పీడీఎఫ్‌లు ట్యాబ్‌లో బాగానే కనిపిస్తాయి. ఒక పేరా కాపీ చేసి నా నోట్స్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ట్యాబ్‌లో తెలుగు ఫాంట్ లేకనా?

మీ ట్యాబ్ తప్పేం లేదు. ఆ మెటీరియల్ ఏ డీటీపీ సెంటర్‌లోనో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ లాంటి పాత ఫాంట్లతో టైప్ చేసి ఉంటారు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన చోట్ల తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి కంటికి తెలుగు కనిపిస్తుంది. కాపీ చేసినప్పుడు బొమ్మ రాదు, దాని కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తు వస్తుంది. వెతికితే పదం దొరకనిదీ అందుకే. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. అయినా మన ముద్రణ రంగం పాత అలవాటు వదలడానికి చాలా ఏళ్లు తీసుకుంది, ఇంకా పూర్తిగా వదల్లేదు. దాని ఫలితం మీలాంటివాళ్లు అనుభవిస్తున్నారు.

యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా ఒక్కోసారి ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. పీడీఎఫ్ ముఖ్యంగా గుర్తుపెట్టుకునేది ఏ బొమ్మ పేజీలో ఎక్కడ పడాలన్నది. అక్షరాల వరస దానికి రెండో సంగతి.

దారి ఏమిటంటే, ఆ పేజీని ఫొటో అనుకుని మళ్లీ చదివించడం. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. డ్రైవ్ యాప్‌తో కాదు, క్రోమ్‌లో డ్రైవ్ సైట్ తెరిచి ‘డెస్క్‌టాప్ సైట్’ టిక్ పెట్టండి. ఫైల్ మీద నొక్కి పట్టి ‘ఓపెన్ విత్’లో ‘గూగుల్ డాక్స్’ ఎంచుకోండి. దగ్గర్లో కంప్యూటర్ ఉంటే ఈ పని అక్కడ ఇంకా తేలిక. పేజీలోని తెలుగును గుర్తుపట్టి టైప్ చేసిన అక్షరాలుగా ఇస్తుంది. అయితే ఒక్క ఫొటో పేజీలనే చదివి, అక్షరాలున్న పేజీల నుంచి మళ్లీ పిచ్చి గుర్తులే తెస్తే, కావాల్సిన పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మను ఇలాగే తెరవండి. ఫైల్ 2 ఎంబీ లోపు ఉంటే మంచిదని గూగుల్ సలహా, కాబట్టి పుస్తకం మొత్తం ఒకేసారి వద్దు. వచ్చినదాన్ని ఒకసారి చదివి సరిచూసుకోండి. ప, వ, ష తారుమారు కావచ్చు. సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లు తప్పనిసరిగా అసలుతో పోల్చండి.

మీరు సొంతంగా రాసే నోట్స్ డాక్స్‌లోనే టైప్ చేసుకోండి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ‘షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్’లోకి వెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే అక్షరాల పీడీఎఫ్ వస్తుంది. సైజు చిన్నగా ఉంటుంది, పరీక్ష ముందు రోజు పదం కొడితే దొరుకుతుంది.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏదీ పెట్టిన గుర్తు లేదు. పాస్‌వర్డ్ లేకుండా చేయొచ్చా?

మీరు పెట్టింది కాదు, వాళ్లే పెడతారు. ఆధార్‌లో ఉన్న మీ పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. లక్ష్మి, 1962 అయితే ఎల్, ఏ, కే, ఎస్ తర్వాత 1962. మధ్యలో ఖాళీ ఉండదు. పాస్‌వర్డ్ తీసేయాలని ‘ప్రింట్’ దారిలో మళ్లీ పీడీఎఫ్ చేస్తే అందులోని డిజిటల్ సంతకం కూడా పోతుంది. అసలు ఫైల్‌ను అలాగే ఉంచుకోండి.

దీనికి సంబంధించిందే గచ్చిబౌలి నుంచి మరో ప్రశ్న. హాస్టల్ వాళ్లు ఆధార్ పీడీఎఫ్ అడిగితే నంబరు మీద నల్ల గీత గీసి పంపిందట ఒకమ్మాయి, సరిపోతుందా అని అడిగింది. సరిపోదమ్మా. అక్షరాల పీడీఎఫ్ మీద గీసిన గీత పైన వేసిన పొర మాత్రమే. కింద నంబరు అలాగే ఉంటుంది, సెలెక్ట్ చేసి కాపీ కొడితే బయటికొస్తుంది. ఆధార్ సైట్‌లోనే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఎంచుకుని డౌన్‌లోడ్ చేసుకో. చివరి 4 అంకెలే కనిపిస్తాయి. వేరే కాగితాలైతే, నిండుగా నల్ల పెట్టె వేశాక స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫొటోను పీడీఎఫ్ చేసి పంపు. ఫొటో రకం పీడీఎఫ్ అక్కరకొచ్చే సందర్భాల్లో ఇదొకటి.

చివరగా మల్కాజిగిరి నుంచి ఒకాయన పంపిన స్క్రీన్‌షాట్. తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చిందట, నొక్కితే ‘ఇన్‌స్టాల్’ అని అడుగుతోందట, ట్యాబ్‌లో పీడీఎఫ్ రీడర్ పాతబడిందేమో అంటున్నారు. కాదండీ, అది పీడీఎఫే కాదు. ఫైల్ పేరు చివర చూడండి, ఏపీకే అని ఉంది. అంటే అది యాప్. పీడీఎఫ్ తెరుచుకుంటుందే తప్ప ఇన్‌స్టాల్ చేయమని ఎప్పుడూ అడగదు. ట్రాఫిక్ చలానా పేరుతోనూ ఇవి వస్తున్నాయి. వెంటనే డిలీట్ చేయండి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ ఆపేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.