షేడ్, షాడో: రెండూ నీడే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

మీరు అడిగింది ఇది: నిఘంటువు తీస్తే షేడ్ అన్నా నీడే, షాడో అన్నా నీడే. మరి ‘వుయ్ శాట్ ఇన్ ద షాడో ఆఫ్ ఎ ట్రీ’ అని రాస్తే తప్పా? ‘మై షేడ్ ఈజ్ ఫాలోయింగ్ మీ’ అనొచ్చా? మొదటిది తప్పు కాదు గానీ మీరు చెప్పదలచుకున్నది అది కాదేమో. రెండోది మాత్రం రాయకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి. ఈ రెండు మాటల దగ్గర ఒకసారి పనిలో, ఇంకోసారి పదిమంది ముందు బోల్తా పడ్డాను.

పనిలో పడింది చాలా చిన్న చోట. బట్టలకు లోపలివైపు ఒక చీటీ కుడతారు చూడండి, ఎలా ఉతకాలో ఎలా ఆరేయాలో చెప్పేది. దాని మీది నాలుగు ముక్కలు ఇంగ్లీషులోకి మార్చాలి. చన్నీళ్లలో ఉతకండి, గట్టిగా పిండకండి, నీడపట్టున ఆరేయండి. చివరి ముక్కకు ‘డ్రై ఇన్ షాడో’ అని రాసిచ్చేశాను. కాగితం తిరిగొచ్చేసరికి ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా, పక్కన మార్జిన్‌లో రెండే మాటలు: ‘హూజ్ షాడో?’ ఎవరి నీడ? నీడకు ఎవరిదేమిటి, నీడంటే నీడే కదా అనుకుంటూ కాగితం పట్టుకుని ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా టేబుల్ ల్యాంపు వెలిగించి దాని కింద చెయ్యి చాపారు. బల్ల మీద ఐదు వేళ్ల నల్లటి ఆకారం పడింది. వేళ్లు ఆడిస్తే అదీ ఆడింది.

“ఇదిగో, ఇది షాడో. ఇప్పుడు ఒక చీమ పాక్కుంటూ వచ్చి ఈ చేతి కింద ఆగిందనుకో. ల్యాంపు వేడి తగలకుండా దానికి దొరికేది షేడ్” అన్నారు.

ఆ చీమ ఇన్నేళ్లలో నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. షాడో అంటే వెలుగుకు అడ్డొచ్చినదాని ఆకారం. దానికి అంచు ఉంటుంది, చుట్టూ సుద్దముక్కతో గీత గీయొచ్చు, ఫలానాదాని నీడ అని చెప్పొచ్చు. షేడ్ అంటే ఎండ తగలని చోటు, అక్కడి చల్లదనం. దాని ఆకారంతో ఎవరికీ పని లేదు. కొండ మీద నిలబడి, కింద పొలాల మీదుగా పరుగెత్తే మబ్బు నీడను చూస్తున్నారనుకోండి, మీకు కనిపించేది షాడో. అదే క్షణంలో ఆ పొలంలో పని చేస్తున్న మనిషి నుదురు తుడుచుకుని హమ్మయ్య అనుకునేది షేడ్ చూసి.

లెక్కలోనూ తేడా ఉంది. షాడోలను లెక్కపెట్టొచ్చు: రెండు దీపాల మధ్య నిలబడితే మీకు రెండు షాడోలు. షేడ్ ఈ అర్థంలో నీళ్లలాంటిది, ‘సమ్ షేడ్’, ‘ఎ లాట్ ఆఫ్ షేడ్’ అనాల్సిందే. వెనక ఎస్ తగిలించి షేడ్స్ అన్నారో, అది నల్ల కళ్లద్దాలైపోతుంది, అమెరికాలో కిటికీ తెరలైపోతుంది, రంగుల్లోని తేడాలైపోతుంది. క్రియలూ వేరే. చెట్టు షేడ్‌ను ‘గివ్’ చేస్తుంది, షాడోను ‘కాస్ట్’ చేస్తుంది. ఒకటి ఇవ్వడం, ఒకటి పడేయడం.

ఈ తేడా ఎంత గట్టిదో చూడాలంటే ఆకాశం వైపు వెళ్లాలి. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఉన్న ఏ చోటైనా ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ నిమిషంలో నిటారుగా పాతిన కర్రకు నీడ కనబడదు. దాన్ని జీరో షాడో డే అంటారు. జీరో షేడ్ డే అని ఎవరూ అనరు, అనలేరు కూడా, ఎందుకంటే సరిగ్గా ఆ నిమిషంలోనే చెట్టు కింద కావలసినంత షేడ్ ఉంటుంది! గ్రహణాల దగ్గరా షాడోదే రాజ్యం. చంద్రగ్రహణమప్పుడు చంద్రుడి మీద పడే భూమి నీడ అంచు గుండ్రంగా ఉండటాన్ని, భూమి గోళం అనడానికి ఒక రుజువుగా అరిస్టాటిల్ చూపించాడు. అంచున్న నీడ కాబట్టే అది సాక్ష్యానికి పనికొచ్చింది.

ఉష్ణోగ్రత సంగతి దీనికి తలకిందులు. వాతావరణ కేంద్రాలు ప్రకటించే వేడి ఎండలో కొలిచింది కాదు. థర్మామీటరును తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో పెట్టి కొలిచేవారు. ఆ పెట్టె పేరు స్టీవెన్సన్ స్క్రీన్, రూపొందించినాయన స్కాట్లాండ్‌కు చెందిన థామస్ స్టీవెన్సన్, లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు. (దీపస్తంభాలు కట్టినాయనే నీడపెట్టె కూడా చేశాడన్నమాట.) అందుకే ఇంగ్లీషువాళ్లు మండే ఎండల గురించి చెప్పేటప్పుడు ‘ఇన్ ద షేడ్’ ఇన్ని డిగ్రీలు అంటారు. అక్కడ షాడో అంటే నవ్వుతారు.

ఇంత దగ్గరి మాటలు రెండెందుకు ఉన్నాయంటే, మొదట్లో అవి ఒక్కటే. పాత ఇంగ్లీషులో ఆ నామవాచకం కర్తగా వచ్చినప్పుడు ఒక రూపంలో ఉండేది, విభక్తి చేరితే వకారం కలుపుకుని ఇంకో రూపంలోకి మారేది. మనకు బళ్లో ఔపవిభక్తికాలని చెప్పారు గుర్తుందా? ఇల్లు, ఇంటి, నుయ్యి, నూతి. కొన్ని వందల ఏళ్లు గడిచాక ‘ఇల్లు’ ఒక మాటగా, ‘ఇంటి’ వేరే మాటగా స్థిరపడి, చెరో అర్థం పంచుకున్నాయనుకోండి. షేడ్, షాడో సరిగ్గా అలా వేరు కాపురాలు పెట్టిన మాటలు. పచ్చికబయలుకు వాడే మీడ్, మెడో జంటదీ ఇదే కథ, కాకపోతే ఆస్తి పంపకంలో మీడ్‌కు పాత పద్యాలు మాత్రమే దక్కాయి.

ఇక నా రెండో బోల్తా. నాకు పని నేర్పిన పెద్దాయన రిటైరయ్యే రోజు సభలో నన్నూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. బయటి అతిథులున్నారని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ‘సర్, ఐ గ్రూ అప్ ఇన్ యువర్ షాడో’ అన్నాను, గొంతు కాస్త పూడుకుపోతుండగా. నా మనసులో ఉన్నది మీ నీడలో పెరిగానని. చెట్టంత మనిషి, నాకు ఎండ తగలనివ్వలేదని. ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన తల దించుకుని కండువా సర్దుకున్నారు. భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి, “ఏమయ్యా, నీ ఎదుగుదలకు నేను అంత అడ్డమయ్యానా?” అని అడిగారు.

ఇంగ్లీషులో ఒకరి షాడోలో బతకడమంటే వాళ్ల పేరుప్రతిష్ఠల ముందు మన ఉనికే కనబడకపోవడం. నేను చేసింది కృతజ్ఞత కాదు, ఫిర్యాదు. తెలుగులో నీడ అనగానే ఆసరా గుర్తొస్తుంది. నిలువ నీడ లేదని ఎవరైనా అంటే ఎండ గురించి కాదు కదా వాళ్ల బాధ, తలదాచుకునే చోటు గురించి. ఆ వెచ్చదనం షాడోకు లేదు. పోనీ అక్కడ ‘యువర్ షేడ్’ అంటే సరిపోయేదా అంటే అదీ కాదు. ‘యు టుక్ మీ అండర్ యువర్ వింగ్’ అనాలి, రెక్క కిందికి తీసుకున్నారని. తమాషా ఏమిటంటే 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ 17వ కీర్తనలో ‘అండర్ ద షాడో ఆఫ్ దై వింగ్స్’ అనే ఉంది, రక్షణ అనే అర్థంలోనే. నా ఇంగ్లీషు తప్పు కాదు, నేనే నాలుగు వందల ఏళ్లు ఆలస్యంగా మాట్లాడానని ఆయనకు చెబితే అప్పుడు నవ్వారు.

ఈ సూత్రానికి లొంగనివీ కొన్ని ఉన్నాయి, వాటిని బట్టీ పట్టడమే. కనురెప్పలకు వేసే రంగు ఐ షాడో, దీపానికి తొడిగే గుల్ల ల్యాంప్‌షేడ్. పొద్దున గీసుకున్న గడ్డం సాయంత్రానికి నల్లగా మొలిస్తే ఫైవ్ ఓ క్లాక్ షాడో. రంగుల దగ్గర మాత్రం షేడే, దానికి మన ‘ఛాయ’ చక్కగా అతుకుతుంది. చిత్రకారులు ఇంకాస్త పట్టింపుగా ఉంటారు, రంగులో నలుపు కలిపితేనే షేడ్, తెలుపు కలిపితే టింట్ అంటారు. అదే ‘ఛాయ’ రెయిన్ షాడోకు (కొండలు అడ్డొచ్చి వాన సరిగా పడని ప్రాంతానికి) వర్షచ్ఛాయగా షాడో పనీ చేస్తోంది కాబట్టి తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు ఛాయను గుడ్డిగా నమ్మకండి. ఒకరిని చల్లగా, చురక తగిలేలా కించపరచడాన్ని ‘త్రోయింగ్ షేడ్’ అంటున్నారు ఈమధ్య. అక్కడ షాడో పనికిరాదు.

మీ మొదటి వాక్యానికి వద్దాం. ‘ఇన్ ద షాడో ఆఫ్ ఎ ట్రీ’ అంటే చదివేవాళ్లకు నేల మీద పరుచుకున్న చెట్టు ఆకారం కళ్లకు కడుతుంది. సాయంత్రం పొడుగ్గా సాగిన నీడ చివర కూర్చున్నారనుకోండి, చెట్టుకు ఎంతో దూరంలో, అప్పుడు అదే సరైన మాట. కొండలు, కోటలు, పెద్ద భవనాల విషయంలో ‘ఇన్ ద షాడో ఆఫ్’ అంటే వాటి దాపున అనే అర్థం కూడా ఉంది. ఎండకు ఓర్చుకోలేక చెట్టు కింద చేరారని చెప్పాలంటే మాత్రం ‘ఇన్ ద షేడ్ ఆఫ్ ఎ ట్రీ’.

రెండో వాక్యంలో ‘మై షాడో’ అనండి. షేడ్‌కు పాతకాలపు అర్థం ఒకటుంది: చనిపోయినవాళ్ల ఆత్మ. గ్రీకు పురాణాల్లో పాతాళలోకంలో తిరిగేవాళ్లను ఇంగ్లీషులో షేడ్స్ అనే అంటారు. ‘మై షేడ్ ఈజ్ ఫాలోయింగ్ మీ’ అని రాస్తే, తమరు పోయి ఎన్నాళ్లయిందని చదివినవాళ్లు అడిగినా అడగొచ్చు.