టైర్ లైట్ ఆర్పడమెలా అని అడిగేవాళ్లకు

డిసెంబరు వచ్చిందంటే నా మెయిల్‌కు ఒకటే ప్రశ్న. డాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో, టైరులో గాలి తగ్గిందని చెబుతూ వెలిగే ఆ పసుపు లైటును ఆర్పడమెలా? కోటి రూపాయలు పోసి కొత్త కారు కొన్నవాళ్లూ అదే అడుగుతారు, అదే కారును సెకండ్ హ్యాండ్‌లో పాతిక లక్షలకు కొన్నవాళ్లూ అదే అడుగుతారు. నా టైర్లలో గాలి ఎంత ఉండాలని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ఈసారి ఉత్తరాలన్నీ ఈ లైటు చుట్టూనే తిరిగాయి కాబట్టి, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పక్కన పెట్టాను.

ప్రశ్న: జర్మన్ సెడాన్ వాడుతున్నాను. నెల రోజులుగా పొద్దున స్టార్ట్ చేయగానే టైర్ లైట్ వస్తోంది, ఆఫీసుకు చేరేలోపు ఆరిపోతోంది. సర్వీస్ సెంటర్‌లో నాలుగు సెన్సర్లూ మార్చాలన్నారు. మార్చాలా? (కోకాపేట, హైదరాబాద్)

జవాబు: మార్చకండి. మీ సెన్సర్లు నిక్షేపంగా ఉన్నాయి. మీరు గాలి కొట్టించిన వేళే బాగాలేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఓ 40 కిలోమీటర్లు వచ్చి, మధ్యాహ్నం 2 గంటలకు బంకులో ఆగి ఉంటారు. అప్పటికి టైరు లోపల వేడి 55 డిగ్రీల దాకా ఉంటుంది. గేజ్ 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపించింది, చాలన్నారు. అదే గాలి తెల్లవారుజామున 14 డిగ్రీల చలికి దాదాపు 30కి దిగుతుంది. ఇసుమంత గాలి కూడా బయటికి పోకుండానే. ఆఫీసు దారి పట్టాక టైరు వేడెక్కి అంకె మళ్లీ పెరుగుతుంది, లైటు ఆరుతుంది. 10 డిగ్రీల తేడాకు ఒకటిన్నర పీఎస్‌ఐ అని లెక్క వేసుకోండి.

డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. ఖరీదైన కార్లలో చాలావాటికి ముందు టైర్లకు ఒక అంకె, వెనక టైర్లకు ఒక అంకె. ఇద్దరే ఎక్కితే ఒకటి, ఐదుగురూ లగేజీతో ఎక్కితే ఇంకొకటి. అవన్నీ చల్లారిన టైరుకు రాసిన అంకెలు, అంటే బండి కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక చూడాల్సినవి. పంక్చర్ షాపతను "ఎంత కొట్టమంటారు సార్" అంటే "నువ్వే చూసి కొట్టు" అంటాం. అతను నాలుగింటికీ 35 కొట్టి పంపిస్తాడు. అందులో అతని తప్పేముంది?

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. లైటు నిలకడగా వెలిగితే గాలి తక్కువని. స్టార్ట్ చేసిన మొదటి నిమిషం మిణుకుమిణుకుమంటూ కొట్టుకుని, ఆ తర్వాత నిలిచిపోతే సెన్సరో, దాని లోపలి బ్యాటరీయో పోయిందని. ఆ బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. దాన్ని విడిగా మార్చే వీలు లేకుండా మైనంలో పాతినట్టు పాతేస్తారు. సెన్సర్ మొత్తం కొనాల్సిందే. దీని మీద నా అభిప్రాయం అచ్చు వేయదగ్గది కాదు.

ప్రశ్న: మా కారులో లైటు వచ్చినప్పుడల్లా మెనూలోకి వెళ్లి రీసెట్ నొక్కుతాను, పోతుంది. కానీ వారం తిరక్కుండా మళ్లీ వస్తోంది. సాఫ్ట్‌వేర్ లోపమా? (విజయవాడ)

జవాబు: లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదండీ. మీ కారు చక్రాల్లో గాలిని కొలిచే సెన్సర్లే లేవు. బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం పెట్టిన స్పీడ్ సెన్సర్లతోనే ఇది పని కానిస్తుంది. గాలి తగ్గిన చక్రం వ్యాసం కొంచెం తగ్గి, మిగతా మూడింటికన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడాను చూసి లైటు వేస్తుంది. రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడున్న గాలే సరైన గాలి, ఇకమీదట దీన్నే కొలతగా పెట్టుకో" అని కారుకు నేర్పడం. దిగిపోయిన టైరుతో ఆ బటన్ నొక్కారు. అది మీ మాట నమ్మింది. ఇంకాస్త దిగేసరికి మళ్లీ మొత్తుకుంది. ముందు గాలి కొట్టించి, తర్వాత రీసెట్ చేయాలి. వారంవారం దిగుతోందంటే అందులో మేకు ఉన్నట్టే, ఈ రోజే చూపించండి.

తప్పంతా మీదే అనను. టైరును ముట్టుకోకుండానే లైటును ఆర్పేసే బటన్‌ను తెర మీద అంత సులువుగా పెట్టినవాడిది కూడా. "గాలి సరిచేశారా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఆపై రీసెట్ చేయడానికి ఎంత కోడ్ రాయాలి?

ప్రశ్న: చలికాలానికి వేరే చక్రాల సెట్ కొన్నాను. మార్చిన ప్రతిసారీ సెన్సర్లు గుర్తుపట్టించడానికి షోరూమ్‌వాళ్లు డబ్బు తీసుకుంటున్నారు. ఇండియా నుంచి వచ్చే మా బావమరిదితో చవక సెన్సర్లు తెప్పించుకోవచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: బావమరిది సూట్‌కేసులో ఆవకాయకు చోటు వదలండి. ఇండియా, యూరప్ కార్ల సెన్సర్లు 433 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాయి, అమెరికాలో చాలా కార్లు 315లో వింటాయి. మీ కారు దేంట్లో వింటుందో చూసుకుని, అక్కడే ప్రోగ్రామ్ చేసుకునే రకం సెన్సర్లు కొనండి. టైర్ షాపువాడు పాత చక్రాల సెన్సర్ నంబర్లను చదివి, కొత్తవాటిలోకి ఎక్కించేస్తాడు. రెండు సెట్లకూ ఒకే నంబర్లు ఉంటాయి, కారుకు తేడా తెలియదు. ఒకసారి అయ్యే ఖర్చు. అయితే పాత సెట్‌ను కారు పక్కనే గ్యారేజ్‌లో పెట్టకండి, రెండూ ఒకేసారి మాట్లాడితే అది గందరగోళపడొచ్చు.

నకలు తీయడం ఇంత తేలికా అని మీకు అనిపించి ఉంటే, సరైన చోటే అనిపించింది. కింది ఉత్తరం చదవండి.

ప్రశ్న: నా లగ్జరీ ఎస్‌యూవీని అమ్మేసి 5 నెలలైంది. ఇప్పటికీ "వెనక ఎడమ టైరులో గాలి తక్కువ" అని నా ఫోన్‌కు మెసేజ్‌లు వస్తున్నాయి. ఈ నోటిఫికేషన్లు ఆపడమెలా? (విశాఖపట్నం)

జవాబు: ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, మూడోసారికి టెన్షన్ పట్టుకుంది. మీరు అడిగింది నోటిఫికేషన్ గురించి. ఆ యాప్ తెరిచి పక్క పేజీకి వెళ్లండి. ఆ కారు ఇప్పుడు ఏ వీధిలో ఏ ఇంటి ముందు ఉందో మ్యాప్ మీద కనబడుతుంది. దాని కింద తలుపులు తెరిచే బటన్ ఉంటుంది. కొన్నాయన రాత్రి నిశ్చింతగా నిద్రపోతున్నాడు, ఆయన కారు తాళం మీ జేబులో ఉంది. మీరు మంచివారు కాబట్టి నాకు ఉత్తరం రాశారు. ఇంకొకరైతే?

ఇది కొత్త సంగతి కాదు. ఐబీఎంలో భద్రతా పరిశోధకుడిగా ఉన్న చార్లెస్ హెండర్సన్ తాను ఎప్పుడో వదిలించుకున్న కారు ఇంకా తన ఫోన్ యాప్‌లో ఉండటం గమనించి, 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ అనే సైబర్ భద్రతా సదస్సు సమయంలో బయటపెట్టాడు. కారు ఎక్కడుందో చూడొచ్చు, తలుపులు తీయొచ్చు, హారన్ కొట్టొచ్చు. అమ్మేముందు ఆయన కారులోని తన సమాచారం తుడిచేశాడు కూడా. అయినా లాభం లేకపోయింది. ఎందుకంటే కారు తెర మీద రీసెట్ చేస్తే కారులో ఉన్నదే పోతుంది. మీ ఫోన్‌కూ కారుకూ ఉన్న ముడి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. అది అక్కడ విప్పాలి.

కారు అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెడతాం. ఇన్సూరెన్స్ మార్పిస్తాం. ఫాస్టాగ్ పీకేస్తాం, లేకపోతే టోల్ మన ఖాతాలోంచి పోతుంది కదా! యాప్ దగ్గర డబ్బులు పోవు కాబట్టి ఎవరికీ గుర్తు రాదు. మీరు ఈ రోజే యాప్‌లో "వాహనాన్ని తొలగించు" నొక్కండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు, ముడి అలాగే ఉంటుంది. కొన్నాయనకు ఫోన్ చేసి చెప్పండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆర్‌సీ కాపీ పట్టుకుని షోరూమ్‌కు వెళ్లి, పాత యజమానుల పేర్లన్నీ సర్వర్‌లోంచి తీసేశామని రాతపూర్వకంగా తీసుకోవాలి. డీలరు "అన్నీ రీసెట్ చేశాం సార్" అంటాడు. ఆ మాటకు విలువ ఎంతో పైన చెప్పాను. పనిలో పనిగా, ఆయన వెనక ఎడమ టైరులో గాలి తక్కువుందని కూడా చెప్పండి పాపం.

ఇక చక్రంలోని సెన్సర్ సంగతి. ప్రతి సెన్సర్‌కూ మారని ఒక నంబరుంటుంది. బండి కదులుతుంటే నిమిషానికోసారి అటూఇటూగా ఆ నంబరూ, ప్రెషరూ, వేడీ గాల్లోకి వదులుతుంది. చాలా కార్లలో దానికి గుప్తలిపి ఉండదు, చెప్పింది ఎవరో సరిచూసుకునే ఏర్పాటూ ఉండదు. అమెరికాలోని రట్‌గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లోనే ఈ గుట్టు విప్పారు. పక్కగా పోతున్న కారు సెన్సర్ మాటలను 40 మీటర్ల దూరం నుంచి పట్టుకున్నారు. దొంగ సందేశాలు పంపి, గాలి నిండుగా ఉన్న కారులో లైటు వెలిగించారు. ప్రయోగాల్లో ఒక కారులో సెన్సర్ల మాట వినే యూనిట్ పూర్తిగా మొరాయిస్తే, షోరూమ్‌లో మార్పించాల్సి వచ్చింది.

నంబర్ ప్లేటు అందరికీ కనబడుతూనే ఉందిగా, సెన్సర్ నంబరుతో కారును కనిపెట్టడం ఒక లెక్కా అంటారు. ప్లేటు చదవడానికి కెమెరా కావాలి, వెలుతురు కావాలి, ఎదురుగా ఉండాలి. దీనికి కొన్ని వేల రూపాయల రేడియో డాంగిల్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలు. గోడ వెనక, పూలకుండీలో పెట్టినా మీ గేటు దాటే కార్ల సెన్సర్ నంబర్లు రాసుకుంటుంది. బండి ఆగి ఉంటే సెన్సర్ చాలావరకు నిద్రపోతుంది, అదొక్కటే మేలు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టింది 2024లో వాంకూవర్ పోటీల్లో జరిగింది. భద్రతా లోపాలు కనిపెడితే బహుమతులిచ్చే పోటీ అది. ఒక ఫ్రెంచ్ బృందం ఎలక్ట్రిక్ కారు ఒకదాన్ని టైర్ సెన్సర్ దారిలోంచే లొంగదీసింది. ఆ కారులో సెన్సర్లు బ్లూటూత్‌లో మాట్లాడతాయి. వాటి మాట వినే కంప్యూటర్ డబ్బా, తాళాల సంగతి చూసే డబ్బా ఒకటే. సెన్సర్ పంపినట్టుగా వంకర సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు పత్రం) ఒకటి పంపేసరికి ఆ డబ్బా లెక్క తప్పింది. కంపెనీ అప్‌డేట్‌తో లోపం సరిచేసింది, వివరాలు 2025లో బయటికొచ్చాయి. తాళంచెవుల పెట్టెకూ గాలి కొలిచే పనికీ ఒకే గుమ్మం పెట్టడమేమిటి? ఇంటి బీరువా తలుపును పాలప్యాకెట్ వేసే కిటికీకి ఆనించినట్టుంది. కారు అప్‌డేట్‌ను "తర్వాత చేద్దాం" అని నెలల తరబడి తోసేసేవాళ్లు నా పాఠకుల్లోనే బోలెడుమంది. దయచేసి తోసేయకండి.

రాత్రి ఒంటరిగా పోతుంటే ఉన్నట్టుండి ఈ లైటు వస్తే, అది ఎవరో పంపిన దొంగ సందేశమూ కావొచ్చు, అక్కడికక్కడే ఆగి కిందికి దిగకండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగకపోతే, నాలుగు చక్రాల అంకెలు మామూలుగానే ఉంటే, వేగం తగ్గించి వెలుతురున్న బంకు దాకా వెళ్లండి.

ప్రశ్న: వాల్వ్‌కు మూతలా బిగించే సెన్సర్లు కొన్నాను. వాటి యాప్ లొకేషన్, కాంటాక్ట్స్ అడుగుతోంది. ఇవ్వాలా? (కరీంనగర్)

జవాబు: ఆండ్రాయిడ్ 12కు ముందు బ్లూటూత్‌తో వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి, కాబట్టి పాత ఫోన్ అయితే దాన్ని క్షమించొచ్చు. కొత్త ఫోన్లో సమీపంలోని పరికరాల అనుమతి చాలు. మీ మేనమామ ఫోన్ నంబరుతో టైరులో గాలికి ఏం సంబంధం? కాంటాక్ట్స్ అడిగిందంటే యాప్ తీసేయండి.

ప్రశ్న: కొత్త కారులో స్టెప్నీ లేదు. బదులుగా పంక్చర్ మూసే జిగురు సీసా, చిన్న కంప్రెసర్ ఇచ్చారు. ఆ జిగురు కొడితే సెన్సర్ పాడవుతుందా? (మహబూబ్‌నగర్)

జవాబు: స్టెప్నీ లేదన్న మాట వింటేనే నాకు కడుపు మండుతుంది. 2020లో కేంద్ర రవాణా శాఖ నిబంధన సవరించింది: ట్యూబ్‌లెస్ టైర్లు, గాలిని కనిపెట్టే వ్యవస్థ, రిపేర్ కిట్ ఉంటే మూడున్నర టన్నుల లోపు బండికి స్టెప్నీ అక్కర్లేదు. చోటు మిగులుతుంది, ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ పడుతుంది అన్నది దానికి చెప్పిన కారణం. కాగితం మీద బాగుంది. అంటే ఒక సాధారణ చక్రం చేసే పనిని, పైన నేను ఇంతసేపు తిట్టిన లైటుకు అప్పజెప్పారు.

ఖరీదైన కార్లకు గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేసి, ఇక దిగుల్లేదంటారు. మామూలుగా చెప్పే లెక్క 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం. పక్క గోడ గట్టిగా ఉండటంతో గాలి పోయిన సంగతి కంటికీ తెలియదు, స్టీరింగ్‌కూ తెలియదు. లైటు చెబితేనే తెలుస్తుంది. మీరు శ్రీశైలం పోతూ మన్ననూరు దాటాక నల్లమలలో పక్క గోడ చీలిందనుకోండి. జిగురు సీసా చీలికను మూయదు. చుట్టుపక్కల పంక్చర్ షాపుల్లో 19 అంగుళాల టైరు ఉండదు. రాత్రి 9 దాటితే అడవి రోడ్డు గేటే వేసేస్తారు. బండిని ఎత్తుకుపోయే వాహనం కోసం ఫోన్ చేద్దామంటే సిగ్నల్ దొరకడమూ కష్టమే. తలుపులో గొడుగు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా గాడి చెక్కిన కారులో చక్రానికి చోటు దొరకలేదంటే నేనైతే నమ్మను. స్పేర్ వీల్ డబ్బులిచ్చి కొనుక్కునే వీలుంటే కొనండి, డిక్కీలో సూట్‌కేసు ఒకటి తగ్గినా సరే.

అడిగినదానికి జవాబు ఇవ్వనే లేదు. జిగురు సెన్సర్ రంధ్రాన్ని మూసేయొచ్చు, చాలాసార్లు కడిగితే మళ్లీ పనిచేస్తుంది. సీసా మీద గడువు తేదీ చూసుకోండి. వాడాక వీలైనంత త్వరగా పంక్చర్ షాపుకు వెళ్లి, టైరు విప్పకముందే లోపల జిగురు ఉందని చెప్పండి. సెన్సర్ వాల్వ్ వెనకే ఉంటుంది కాబట్టి టైరు విప్పే లివర్ అక్కడ పెట్టొద్దని కూడా చెప్పండి. చాలా సెన్సర్లు విరిగేది అక్కడే.