పాత నడక వంతెన మరమ్మతుకు పర్యావరణ అనుమతి కావాలా? నా అనుభవం

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: దుందుభి వాగు మీద ఊరికీ అవతలి ఒడ్డు పొలాలకూ మధ్య పాత నడక వంతెన ఉంది. పిల్లర్ల పునాదులు బయటపడ్డాయి, రెయిలింగ్ తుప్పు పట్టి ఊగుతోంది. గ్రామసభలో మరమ్మతుకు తీర్మానం చేశారు. ఇంతలో "నదిలో పని కదా, హైదరాబాద్ నుంచి పర్యావరణ అనుమతి తెచ్చుకోండి" అని ఎవరో అనడంతో ఫైలు ఆగిపోయింది.

పాలమూరు, నల్లగొండ వైపు చిన్న వంతెనలు, కల్వర్టుల పనుల్లో సైట్ ఇంజనీర్‌గా చాలాకాలం ఉన్నాను. ఈ మాట నాకు బాగా తెలిసిందే. ముందు సూటిగా చెప్తాను: ఉన్న నడక వంతెనను ఉన్నచోటే, దాదాపు ఉన్న కొలతలతోనే బాగుచేసుకోవడానికి ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ అక్కర్లేదు. ఆ క్లియరెన్స్ 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ నుంచి వచ్చింది. ఏ పనులకు కావాలో అందులోనే పట్టిక ఉంది. గనులు, నీటి ప్రాజెక్టులు, థర్మల్ కేంద్రాలు, హైవేలు, పెద్ద నిర్మాణాలు అందులో ఉన్నాయి. నడక వంతెన మరమ్మతు లేదు. ఢిల్లీలోని సిగ్నేచర్ బ్రిడ్జి కేసులో 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), పెద్ద వంతెనలు కూడా నిర్మాణ ప్రాజెక్టుల కిందికే వస్తాయని చెప్పింది, నిజమే. కానీ ఆ పద్దు మొదలయ్యేదే 20,000 చదరపు మీటర్ల నుంచి. మీ వంతెన వంద మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉందనుకున్నా అంతా కలిపి 200 చదరపు మీటర్లు.

కొందరు సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) అని కూడా అంటుంటారు. అది సముద్ర తీరానికి సంబంధించింది, తెలంగాణకు తీరమే లేదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. నది పారే దారిని ఆ నిబంధనల నిర్వచనంలోంచే తీసేశారు. కాబట్టి ఈ రెండింటి గురించీ మీకు టెన్షన్ వద్దు.

మేము పనిచేసిన ఒకచోట అచ్చం ఇలాగే అయింది. ఒక ఆఫీసులో ఫైలు మీద "పర్యావరణ అనుమతి జతచేయవలెను" అని ఒక్క లైను రాసి వెనక్కి పంపారు. ఊరి పెద్దలు ఆ కాగితం కోసం తిరుగుతుండగానే ఎండాకాలం అయిపోయింది, వానలొచ్చాయి, పని మరుసటి ఏడాదికి పడింది. ఆ వానాకాలమంతా పిల్లలు ఊగే రెయిలింగ్ పట్టుకునే బడికి పోయారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు కోపమొస్తుంది. చివరికి పంచాయతీ తరఫున ఒక ఉత్తరం పెట్టాం: "ఏ చట్టం, ఏ నోటిఫికేషన్, పట్టికలో ఎన్నో అంశం కింద ఈ అనుమతి కావాలో దయచేసి రాతపూర్వకంగా తెలుపగలరు." జవాబు రాలేదు కానీ ఫైలు ముందుకు కదిలింది. మీరూ అదే చేయండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే వస్తుంది.

అంటే ఏ అనుమతీ అక్కర్లేదని కాదు. పెద్ద పేరున్న క్లియరెన్స్ వెంట పడి, నిజంగా కావాల్సిన చిన్న కాగితాలను వదిలేస్తుంటారు. బాధ అక్కడే.

మొదట వంతెన ఎవరి రికార్డులో ఉందో తేల్చుకోండి. ఊళ్ళలో ఇలాంటివి ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్ళవి. ఒక్కోసారి ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళది అవుతుంది, ఒక్కోసారి ఎప్పుడో ఏదో పథకంలో కట్టి ఎవరూ రాసుకోకుండా వదిలేసింది అవుతుంది. యజమాని ఎవరో తేలితేనే ఎస్టిమేట్ వేసేవాళ్ళు, సంతకం పెట్టేవాళ్ళు ఉంటారు. మీ మండల ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర ముందు ఇది అడగండి.

తర్వాత నీటిపారుదల శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం). మీ పనిలో అసలైన అనుమతి ఇదే. వాళ్ళు చూసేది నీళ్ళు పారే దారి తగ్గుతుందా లేదా అన్నది. రెయిలింగ్ మార్చి, పైన స్లాబ్ రిపేరు చేస్తే వాళ్ళకు పెద్దగా అభ్యంతరం ఉండదు. కానీ మీ పిల్లర్లకు జాకెటింగ్ చేయాల్సి వచ్చేలా ఉంది. పిల్లర్ చుట్టూ కొత్త కాంక్రీటు వేస్తే పిల్లర్ లావవుతుంది, రెండు పిల్లర్ల మధ్య దారి అంత తగ్గుతుంది. ఎస్టిమేట్‌తో పాటు ఒక క్రాస్ సెక్షన్ (అడ్డుకోత బొమ్మ) గీయించి, గరిష్ఠ వరద మట్టం ఎంత, ఇప్పుడు దారి ఎంత, పని అయ్యాక ఎంత అన్నది రాసి ఇవ్వండి. ఈ ఒక్క షీటు ఉంటే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసులో సగం ప్రశ్నలు రావు. ఎగువన చెక్‌డ్యామ్ గానీ కత్వ (చిన్న మళ్ళింపు ఆనకట్ట) గానీ ఉంటే అదెంత దూరమో కూడా అందులోనే చూపించండి.

వంతెన రెండు చివర్లు ఏ భూమిలో ఉన్నాయన్నది ఇంకో సంగతి. పట్టా, ప్రభుత్వ భూమి అయితే ఇబ్బంది లేదు. అటవీ భూమి అయితే మాత్రం కథ మారుతుంది: 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి దాకా పోవాల్సి రావచ్చు. డిండి దిగువన దేవరకొండ, చందంపేట వైపు, అచ్చంపేట, మన్ననూరు వైపు ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం, అక్కడ అమ్రాబాద్ పులుల అభయారణ్యం కూడా ఉంది. ఒక దారి ఉంది: 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) ప్రకారం రోడ్ల వంటి ఊరి అవసరాలకు ఒక హెక్టారు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చు. చెంచు పెంటల (చెంచుల చిన్న గూడేల) దారులకు ఇది పనికొస్తుంది. మీ ఊరు మైదానంలో ఉన్నట్టుంది కాబట్టి రెవెన్యూ నక్షా చూసి ఖాయం చేసుకుంటే చాలు. ఒడ్డున చెట్టు కొట్టాల్సి వస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద ముందే అడగండి. వీలైతే చెట్టును వదిలి మెట్లే పక్కకు జరపండి. ఆలంపూర్ లాంటి చోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్ళకు 100 మీటర్ల లోపు ఏ చిన్న మరమ్మతుకైనా వేరే అనుమతి కావాలి, అది మీకు వర్తించదు.

పొల్యూషన్ బోర్డు దగ్గరికి పోవాలా అని కూడా అడిగారు. 1974 నీటి చట్టం సెక్షన్ 24 ప్రకారం వాగులో కాలుష్యం కలిపినా, నీటి పారుదలకు అడ్డం వచ్చి కాలుష్యం పెంచేలా చేసినా నేరమే. అయితే హక్కున్నవాళ్ళు వంతెన కట్టినంత, బాగుచేసినంత, నిర్వహించినంత మాత్రాన ఆ నేరం కిందికి రాదని అదే సెక్షన్‌లోని రెండో భాగం చెప్తుంది. వంతెన బాగుచేస్తున్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. ఆ పేరుతో వాగులో సిమెంటు నీళ్ళు, పాత కాంక్రీటు ముక్కలు వదిలేస్తే అది వేరే లెక్క. నన్నడిగితే మీ ఫైలులో అన్నిటికంటే గట్టిగా ఉండాల్సింది ఈ భాగమే. చట్టం అడిగినా అడగకపోయినా ఆ నీళ్ళు తాగే గొడ్లు మీవే, ఆ వాగు పక్కన బోర్లూ మీవే.

పని జరిగేటప్పుడు కిందికి ఏం పడుతుందో ఒక్కసారి నిలబడి చూడండి. పాత రెయిలింగ్‌ను వైర్ బ్రష్‌తో గీకుతుంటే తుప్పు పొరలు, రంగు పెచ్చులు రాలుతూనే ఉంటాయి. ఆ కాలంలో ఇనుముకు కొట్టిన ఎర్ర ప్రైమర్లలో చాలావాటిలో సీసం ఉండేది. మేము వంతెన అడుగున రెయిలింగ్ నుంచి రెయిలింగ్‌కు టార్పాలిన్ వేలాడగట్టి, మధ్యలో కొంచెం లోతుగా ఉండేలా చూసేవాళ్ళం. సాయంత్రానికి ఆ మధ్యలో ఎర్రటి పొడి పోగయ్యేది. దాన్ని సంచుల్లోకి ఎత్తించేవాళ్ళం. టార్పాలిన్ లేకపోతే అదంతా నీళ్ళలోకే కదా.

పచ్చి కాంక్రీటు నీళ్ళు ఇంకా ప్రమాదం. వాటి పీహెచ్ 12 దాటుతుంది, నిలిచిన మడుగులో కలిస్తే చేపలు తేలతాయి. ఎండాకాలం వాగు ఎండి అక్కడక్కడా మడుగులే మిగులుతాయి, ఉన్న చేపలన్నీ వాటిలోనే ఉంటాయి. అందుకే పని మొదలయ్యే ముందు మీ ఊరి మత్స్యకార సంఘం వాళ్ళను తీసుకుపోయి ఏ మడుగు లోతైనదో చూపించమనండి. ఏ ఇంజనీరు డ్రాయింగులోనూ అది ఉండదు. కాంక్రీటు కలిపే మిల్లర్ కడిగే నీళ్ళకు ఒడ్డున, వాగుకు దూరంగా గుంత తీయించండి, అందులో ఇంకిపోయాక గట్టిపడిన సిమెంటును ఎత్తివేయొచ్చు. పిల్లర్ చుట్టూ ఇసుక బస్తాలతో రింగ్ బండ్ (గుండ్రటి అడ్డుకట్ట) వేస్తే, పని అయ్యాక బస్తాలు లెక్కపెట్టి మరీ తీయించండి. కాంట్రాక్టర్ బిల్లు పెట్టుకుని వెళ్ళిపోయాక ఎవరూ తీయరు. ఈ షరతులన్నీ అగ్రిమెంట్‌లోనే రాయిస్తే చివరి బిల్లు ఆపే అధికారం ఏఈ చేతిలో ఉంటుంది.

స్లాబ్ అడుగున మట్టి ముద్దలతో గూళ్ళు కట్టుకునే చిన్న పిట్టలుంటే గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడు గూళ్ళు రాల్చకండి. వన్యప్రాణి చట్టంలో పక్షి గూళ్ళను, గుడ్లను చెదరగొట్టడం కూడా వేట కిందే లెక్క. గూళ్ళు ఖాళీ అయ్యేదాకా ఆ స్పాన్ (రెండు పిల్లర్ల మధ్య భాగం) వదిలి పక్కదానిలో పని చేసుకోవచ్చు.

కాలం విషయానికొస్తే, సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మే లోపు నీళ్ళలోని పని ముగించాలి. కానీ కల్వకుర్తి ఎత్తిపోతల కాల్వల నీళ్ళు వచ్చాక యాసంగిలో కూడా పారే వాగులున్నాయి. ఎప్పుడు నీళ్ళు వదులుతారో నీటిపారుదల శాఖ డీఈని ముందే అడిగి రాయించుకోండి. హైదరాబాద్ దిగువన మూసీ మీద పనిచేసేవాళ్ళకైతే ఎండిన కాలమంటూ లేదు, హైదరాబాద్ మురుగు ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. అక్కడ కూలీలకు గమ్ బూట్లు, గ్లౌజులు లేకుండా నీళ్ళలోకి దింపడం అన్యాయం. చర్మం మీద దద్దుర్లు వచ్చినవాళ్ళను నేను చూశాను.

ఇక మీరు ప్రశ్నలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన విషయం: పునాదులు ఎందుకు బయటపడ్డాయి? మా పని చోట పిల్లర్ మీద పాత నీటి గుర్తు నునుపుగా కనిపించేది. దాని కింద, ఎప్పుడూ వెలుతురు చూడకూడని ఫుటింగ్ (పునాది దిమ్మె) కంకర పళ్ళు బయటపెట్టినట్టు నిలబడింది. గడ్డపార ఫుటింగ్ అడుక్కు దూర్చితే అడ్డం లేకుండా లోపలికి పోయింది. పునాది చుట్టూ ఉండాల్సిన ఇసుకను వరద తీసుకుపోలేదు. రాత్రిళ్ళు ట్రాక్టర్లు తీసుకుపోయాయి. దుందుభి ఇసుక కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా నిబంధనల్లోనే ఉంది. ఇసుక తోడుతూ ఉంటే మీరు ఎంత జాకెటింగ్ చేసినా, ఎన్ని బండరాళ్ళు పేర్చినా కొన్నేళ్ళకు మళ్ళీ అదే గడ్డపార అలాగే లోపలికి పోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. మరమ్మతుకు కావాల్సిన ఇసుక కోసం కాంట్రాక్టర్ చూసేది వంతెన కిందికే, దగ్గరగా ఉంటుంది కాబట్టి. ఊరి సామూహిక పనులకు పంచాయతీ పరిధిలో ఆనవాయితీగా తీసుకునే ఇసుకకు పర్యావరణ అనుమతి నుంచి 2016లో మినహాయింపు ఇచ్చారు. దాన్ని చూపించి వంతెన పక్కనే తవ్వుతామంటే ఒప్పుకోకండి, ఈ 500 మీటర్ల నిబంధన దానికీ వర్తిస్తుంది. ఇసుక ఎక్కడి నుంచి తేవాలో అగ్రిమెంట్‌లో చోటు పేరుతో సహా రాయించండి.

వంతెనకు రెండు వైపులా 500 మీటర్లు టేపుతో కొలిపించి ఒడ్డున రాళ్ళు పాతించండి, ఫొటోలు తీసి తహసీల్దార్‌కు, మైనింగ్ ఆఫీసుకు, పోలీస్ స్టేషన్‌కు ఒకే రోజు ఇచ్చి రసీదులు తీసుకోండి. మీ గ్రామసభ తీర్మానం చదివాను, అందులో మరమ్మతు మాట ఉంది, ఇసుక మాట లేదు. పని మొదలుకాకముందే ఇంకోసారి సభ పెట్టి ఆ హద్దు రాయించండి.