ముందు మనిషిని నిలబెట్టు

చిన్నా,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. పెట్టె మీది బొమ్మ చూడగానే పోల్చాను. రెవెల్ కంపెనీ వాళ్ల బౌంటీ ఓడ ప్లాస్టిక్ కిట్టు, అసలు ఓడలో 110వ వంతు సైజు. వెనక కొయ్య, అంటే తెరచాపలు కట్టే స్తంభం, విరిగింది, తెరచాపల ప్లాస్టిక్ షీటు నలిగిపోయింది, సూచనల కాగితం ఎలకల పాలైంది. పోనీలే. ఓడ పొట్ట రెండు చెక్కలూ, డెక్కులూ వంకర్లు పోకుండా ఉన్నాయి కదా, అది చాలు. దీన్ని బౌంటీగా కట్టడం నాకిష్టం లేదు, మన కోరంగి ఓడ చెయ్యాలనుంది, అవుతుందా మావయ్యా అని అడిగావు. అవుతుంది. కాకపోతే నువ్వు ఎక్కడ మొదలుపెడదామనుకుంటున్నావో అక్కడ మొదలుపెడితే కాదు.

విరిగిన వెనక కొయ్య తీసేస్తే రెండు కొయ్యలు మిగులుతాయి, రెండు కొయ్యల ఓడ అయిపోతుంది, రంగు మారుస్తే సరి అని రాశావు. సరిగ్గా ఇదే పని నేను పాతికేళ్ల కిందట చేశాను. మూడు నెలలు కూర్చుని చేసి, మురిసిపోయి, బల్ల మీద పెట్టుకున్నాను. ఇక్కడ తాళ్లరేవులో పడవలు కట్టే పెద్దాయన ఒకాయన కిటికీ తలుపు బిగించడానికి వచ్చాడు. కాగితం మీద గీత గియ్యకుండా కంటి కొలతతోనే బోటు నిలబెట్టే మనిషి. కాసేపు చూసి, జేబులోంచి అగ్గిపుల్ల తీసి, విరిచి, చిన్న ముక్కని డెక్కు మీద నిలబెట్టాడు. "ఈడు మనిషి అనుకోండి. ఈ తలుపులోంచి ఎలా దూరతాడండీ?" అన్నాడు. నేను రెండు కొయ్యల చిన్న ఓడ అంటున్నాను గానీ తలుపులు, మెట్లు, కటకటాలు అన్నీ పెద్ద ఓడవే, చిన్న కొలతలో. ఆ తర్వాత వెనక ఖాళీగా ఉన్న డెక్కు చూపించి, "గాలంతా ముందే పట్టేత్తే ఇది గాలికి ఎదురు తిరగదండి" అని కిటికీ పనిలోకి వెళ్లిపోయాడు. నేను ఉద్యోగంలో ముప్పయ్యేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌ని. కొలత నాకు చెప్పించుకోవాల్సి వచ్చింది.

అందుకని, నువ్వు ముందు కట్టర్ పక్కన పెట్టి స్కేలు తియ్యి. అసలు బౌంటీ డెక్కు పొడవు 90 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 24 అడుగుల 4 అంగుళాలు. 110వ వంతులో అది సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 6.7 సెంటీమీటర్ల వెడల్పు. అదే ప్లాస్టిక్‌ని 72వ వంతు అనుకుని చూడు. ఆ 25 సెంటీమీటర్లే ఇప్పుడు దాదాపు 60 అడుగుల ఓడ, వెడల్పు 16 అడుగులు. ఏమీ కొయ్యకుండానే, బియ్యం బస్తాలు ఎక్కించుకుని తీరం పట్టుకుపోయే చిన్న వర్తకపు ఓడ నీ చేతిలో ఉంది. ఇక మారాల్సింది మనిషి. ఐదున్నర అడుగుల మనిషి 110వ వంతులో 15 మిల్లీమీటర్లు, 72వ వంతులో 23. బజార్లో 72వ వంతు బొమ్మ మనుషులు దొరుకుతారు. ఒకణ్ణి తెచ్చి పని పూర్తయ్యేదాకా డెక్కు మీదే ఉంచు. వాడికి సరిపోని ప్రతిదీ పీకెయ్యాలి. తలుపులు, మెట్లు, చుక్కాని చక్రం, పక్క గోడ ఎత్తు అన్నీ వాణ్ణి పక్కన పెట్టి చూసుకో. కిట్టులో వచ్చిన తాడు నిచ్చెనలు అసలు వాడొద్దు. అసలు ఓడల్లో ఆ మెట్ల మధ్య ఎడం సుమారు 15 అంగుళాలు. నీ కొత్త లెక్కలో 5.3 మిల్లీమీటర్లు రావాలి, కిట్టులోవి మూడున్నర దగ్గర ఉంటాయి. మన మనిషి వాటిని ఎక్కితే చీమ నడక నడవాలి. ఓడలు ఎరిగినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఇలా ఒకదాన్ని ఇంకోటి చెయ్యడం తప్పేమో అని సంకోచం పెట్టుకోకు. బౌంటీయే అలా వచ్చిన ఓడ. 1784లో ఇంగ్లండులోని హల్ రేవులో బెథియా పేరుతో వర్తకపు ఓడగా కట్టారు. 1787లో నౌకాదళం కొని, పేరు మార్చి, కెప్టెన్ ఉండాల్సిన పెద్ద గదిని పనస జాతి సీమపనస మొక్కల కుండీలకి నర్సరీ చేసింది. ఇంకో సంగతి విను. డార్విన్ ఎక్కిన బీగిల్ 1820లో రెండు కొయ్యల బ్రిగ్గుగానే నీళ్లలోకి దిగింది, 1825లో దానికి మూడో కొయ్య పెట్టారు. పొడవు వెడల్పుల్లో అది బౌంటీకి అటూ ఇటూగా సమానం. రెవెల్ వాళ్లు బౌంటీ అచ్చునే కొంత మార్చి బీగిల్ కిట్టు తెచ్చారు కూడా. బీగిల్ వాళ్లు రెండు కొయ్యల నుంచి మూడుకి నడిచిన దారిలో నువ్వు వెనక్కి వస్తున్నావు, అంతే.

ఇక కొయ్యలు. వెనకది తీసేసి మిగతా రెండూ ఉన్నచోటే ఉంచితే నా ఓడలాగే అవుతుంది. బ్రిగ్గులో పెద్ద కొయ్య మధ్యకి కొంచెం వెనక ఉంటుంది. కిట్టులోని కన్నం కంటే వేలి వెడల్పంత వెనక్కి జరుపు. పొడవుని ఐదు వాటాలు చేస్తే ముక్కు నుంచి ఒక వాటా దగ్గర ముందు కొయ్య, మూడు వాటాల దగ్గర పెద్ద కొయ్య. ఆ పెద్ద కొయ్యకే వెనక వైపు ఒక నిలువు తెరచాప, దాని కింది దూలం ఓడ వెనక అంచు దాటి బయటికి రావాలి. పెద్దాయన అడిగిన వెనక గాలి దానికే అందుతుంది. కొయ్య జరిగితే ఓడ పక్కన తాళ్లు కట్టే పలకలు కూడా దానితో జరగాలి. ఇది మర్చిపోతే తాళ్లన్నీ ముందుకి లాగినట్టు వంకరగా కనిపిస్తాయి.

కొయ్యలు ప్లాస్టిక్‌వి వద్దు. దారాలు బిగించేసరికి విల్లులా వంగుతాయి. బాగా ఎండిన వెదురు బద్ద చీల్చి, డ్రిల్లుకి పట్టించి తిప్పుతూ ఉప్పుకాగితంతో పైకి సన్నగా తెచ్చుకో. పొట్ట రెండు చెక్కలు అతికించకముందే లోపల అడుగున, కొయ్య దిగే చోట కన్నం పెట్టిన చిన్న దిమ్మలు అంటించు. స్టాండుకి స్క్రూ పట్టడానికి నట్లు కూడా అప్పుడే పెట్టు. పొట్ట మూసేశాక వీటి కోసం ఏడ్చి లాభం లేదు.

పాత కన్నాలు మూయడానికి పుట్టీ అక్కర్లేదు. ముక్కలు కోసుకున్నాక మిగిలే ఫ్రేము కడ్డీ ఉంటుంది చూడు, అదే వాడు. కొవ్వొత్తి వెలిగించి, మంట తగలకుండా రెండు వేళ్ల ఎత్తున కడ్డీని పట్టుకుని మెల్లగా తిప్పు. ముందు మెరుస్తుంది, తర్వాత మధ్యలో కొద్దిగా జారుతుంది. అప్పుడు పక్కకి తీసి రెండు చేతులా లాగు. పాకం తీగలా సాగుతుంది. మెల్లగా లాగితే లావు తీగ, గభాల్న లాగితే వెంట్రుక. మొదటి పది వృథా అవుతాయి, అవనీ. సరైన లావు వచ్చినదాన్ని కన్నంలో దూర్చి, జిగురు చుక్క వేసి, మర్నాడు పైభాగం కోసి రుద్దితే కన్నం ఉందని నీకు కూడా తెలియదు. ఆ ప్లాస్టిక్కే కాబట్టి కలిసిపోతుంది.

జిగురు సంగతి ఒక్క మాట. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, వెదురునీ దారాన్నీ పట్టదు. వాటికి ఫెవిక్విక్ గానీ ఆరల్డైట్ గానీ. ఫెవిక్విక్ ఒక చుక్కతో అయ్యే పనికి ట్యూబు పిండకు. దాని ఆవిరికి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్ల బూజులాంటి మచ్చ పడుతుంది. అన్నిటికంటే ముందు ముక్కలన్నీ గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టు. అచ్చు నూనె పోకపోతే రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది.

రంగు ముసురు రోజున వెయ్యకు. మీ అమలాపురం గాలి కూడా మా గాలి లాంటిదే, స్ప్రే వేస్తే తెల్లగా పొగచూరుతుంది. అలాగని మధ్యాహ్నం డాబా మీద ఎండలోనూ పెట్టకు, నల్ల పొట్ట వంకర తిరుగుతుంది. పొద్దున్న పది గంటలప్పుడు, నీడలో వేసుకో. అడుగు భాగానికి పెట్టె మీద చూపించినట్టు రాగి రేకు రంగు వద్దు. మన దేశపు ఓడలకి పురుగు తినకుండా అడుగున సున్నం, నూనె కలిపి పట్టించేవారు. కాబట్టి మాసిన తెలుపు. తళతళ మెరిసే తెలుపు కాదు, పాత గోడ తెలుపు. డెక్కు ఎండకి వెలిసిన చెక్క రంగు, బూడిద కలిసిన గోధుమ. వెనక ఉన్న అద్దాల కిటికీల అలంకారం రుద్ది తీసెయ్యి, ముక్కు మీది ఆడమనిషి బొమ్మ కోసెయ్యి. అక్కడ పసుపు చుక్క, దాని మధ్య కుంకుమ చుక్క. సూది మొనతో పెట్టు, కుంచెతో కాదు.

తెరచాపలకి మీ తాతయ్య పాత పంచె ముక్క అనుకున్నావట. నేత కనపడుతుంది, వద్దు. పల్చటి టిష్యూ కాగితానికి నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి ఆరబెట్టుకో. రెండడుగుల బట్ట పలకలు కుట్టినట్టు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లకి ఒక పెన్సిల్ గీత. చుట్టి కట్టిన తెరచాప చూపించాలంటే ఎత్తులో మూడో వంతే కత్తిరించు, లేకపోతే పరుపు చుట్టలా ఉంటుంది. నిలబడి ఉండే తాళ్లకి నల్ల పాలిస్టర్ దారం, లాగే తాళ్లకి టీ డికాక్షన్‌లో ముంచిన లేత గోధుమ దారం. ఏదైనా తేనె మైనం మీద రెండుసార్లు లాగాకే కట్టు, నూగు అణిగిపోతుంది. లోపలివి ముందు, అంచులవి ఆఖర్న. ఇది నేను రాసి చెప్పేది కాదు, రెండుసార్లు వేళ్లు ఇరుక్కుంటే నీకే వస్తుంది.

పేరు ఒకటి అడిగావు. ఫలానా ఓడ అని ప్రసిద్ధమైన పేరు మాత్రం పెట్టకు. పెడితే దాని ప్రతి మేకూ లెక్క చెప్పాలి. కోరంగి తీరపు బ్రిగ్గు అను చాలు. 1839 నవంబరు ఉప్పెనకి ముందు కోరంగిలో ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఆ ఉప్పెన ఊరిని ఊడ్చేసింది, గోదారి ఒండ్రు రేవుని పూడ్చేసింది, బేరం కాకినాడకి పోయింది. రంగూన్ వెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగీలనేవారు. నీ ఓడలో వాళ్ల కోసం నాలుగు బియ్యం బస్తాలు, ఒక నీళ్ల కాగు, ఇసుక పోసిన పెట్టెలో చిన్న పొయ్యి, పొయ్యి దగ్గర ఒక మనిషి ఉంటే బావుంటుంది. బస్తాలు ఎం-సీల్‌తో చెయ్యి, తడి గుడ్డతో నొక్కితే గోనె నేత పడుతుంది.

చెల్లి దగ్గర కుట్టుమిషను సూది తీసుకునేటప్పుడు అడిగి తీసుకో, విరిగితే నా మీద పడుతుంది. పొట్ట అతికించకముందు టేపు వేసి నిలబెట్టి, పక్కనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి, మనిషి బొమ్మతో సహా ఫొటో పంపు. నేను చూశాకే జిగురు. ఆ విరిగిన వెనక కొయ్య పారెయ్యకు. నా పాత ఓడకి మళ్లీ మూడోది పెడుతున్నాను, పై ముక్క నాకు కావాలి. దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా.

నీ మావయ్య,
తాళ్లరేవు