పక్షవాతం వచ్చినవాళ్ల మతి కూడా చూడు

బిడ్డా,

పక్షవాతం వచ్చినవాళ్లకు డిమెన్షియా, అంటే మతి తగ్గి రోజూ చేసే పనులు తనంతట తాను చేసుకోలేని జబ్బు, ఉందో లేదో ఎట్లా కనిపెట్టాలని ఫోన్‌లో అడిగావు. తీరిగ్గా రాస్తున్నా.

మన దిక్కు కాలు చెయ్యి పడిపోతే ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే, ఎప్పుడు నడుస్తాడని. పల్లె దవాఖానలో నువ్వు కూడా బీపీ చూసి, గోలీలిచ్చి పంపితే సగం పనే అయినట్టు. మొదటిసారి పక్షవాతం వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరి దాకా కొత్తగా డిమెన్షియా వస్తుంది. మళ్లీ వచ్చినవాళ్లలో మూడింట ఒక వంతుకు పైనే ఉంటుంది. అందుకే ప్రతి ఒక్కరినీ అడగాలి.

వీళ్లలో చాలామందికి ముందు పోయేది జ్ఞాపకం కాదు. మనవరాలి పేరు టక్కున చెప్తాడు. కానీ బత్తాయి తోటలో కూలీల లెక్క కట్టలేడు, ఒక పని మధ్యలో వదిలి ఇంకోటి పట్టుకుంటాడు, జవాబుకు చాలాసేపు తీసుకుంటాడు. "మంచిగనే మాట్లాడుతున్నాడు" అని కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో అంటే దాన్ని నమ్ముకోకు. రోజూ అన్నం పెట్టే మనిషిని, భార్యనో కోడలినో, పక్కకు పిలిచి అడుగు. పక్షవాతానికి ముందు తనంతట తాను చేసిన పని ఏది, ఇప్పుడు చేయలేనిది ఏది, అది చెయ్యి రాకనా, తోచకనా? నా లెక్కలో ఏ పరీక్ష కాగితం కన్నా ఈ ప్రశ్నే పెద్దది.

కాగితం వద్దనడం లేదు. ముప్పై మార్కుల పరీక్షలున్నాయి, వాడు. కానీ బడి మొహం చూడని పాలమూరు కూలీ తల్లికి పెన్నిచ్చి గడియారం గీయమంటే తప్పేది ఆమె మతి కాదు, మన పరీక్ష. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగిసినవాళ్లకూ గీయడం కష్టమే. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చేయించిన పరీక్షలు తెలుగులో ఉన్నాయి, చదువు రానివాళ్లకు వేరుగా ఉన్నాయి. అవి దొరకనప్పుడు తారీఖు బదులు మొన్న పోయిన పండుగ ఏదో, అంగడి ఏ రోజో అడుగు. బర్రె, గొడ్డలి, జొన్న అని మూడు మాటలు చెప్పి కాసేపటికి మళ్లీ చెప్పించు. నోట్లిచ్చి చిల్లర లెక్క పెట్టించు. మాట పడిపోయినవాళ్లను మాత్రం ఈ ప్రశ్నలతో తూచకు. వాళ్లకు తెలిసినా నోటికి రాదు. పళ్లెంలో ఎడమవైపు అన్నం అట్లాగే వదిలేస్తున్నారంటే అది మరుపు కాదు, ఆ పక్కకు ధ్యాస పోవడం లేదు. అదీ రాసిపెట్టు.

మొదటి వారాల్లో ఎవరికీ డిమెన్షియా అని పేరు పెట్టకు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిద్రగోలీలు కూడా మనిషిని గందరగోళం చేస్తాయి. కల్తీ కల్లు అలవాటున్న మనిషికి అది ఒక్కసారిగా ఆగితే పిచ్చిపట్టినట్టే అవుతుంది. ఇంటివాళ్లు సిగ్గుపడి చెప్పరు, నువ్వే మెల్లగా అడుగు. ఆ స్థితిలో ఉన్నవాళ్లను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. మిగతావాళ్లను మూడు నెలలకు, ఆరు నెలలకు, తర్వాత ఏడాదికోసారి అవే ప్రశ్నలతో చూడు.

తేడా కనిపిస్తే ముందు చెవులు వినిపిస్తున్నాయా, కళ్లద్దాలున్నాయా, మనసు కుంగిపోయి మాట్లాడడం లేదా చూసుకో. తర్వాత నల్గొండ పెద్దాసుపత్రికి పంపు. థైరాయిడ్, విటమిన్ బీ12 పరీక్షలు చేయించమని చీటీలో రాయి. పాత సీటీ స్కాన్, వేసుకునే గోలీలన్నీ సంచిలో పెట్టుకుని పొమ్మను. గోలీలు ఇకనుంచి ఇంట్లో ఒకరి చేతిలోనే ఉండాలి. బీపీ గోలీ మరిచిపోతే మళ్లీ పక్షవాతం రావచ్చని ఆ గోలీలిచ్చే మనిషికి గట్టిగా చెప్పు.

మీ అత్త