మైనింగా, మినరల్ ఇంజినీరింగా? శ్రీరాంపూర్ నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: నేను సింగరేణిలో, శ్రీరాంపూర్ ఏరియాలో పని చేస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా బాయి పనే, అంటే భూగర్భ గనిలోనే. మా అమ్మాయి ర్యాంకుకు ధన్‌బాద్ ఐఐటీలో మైనింగ్ ఇంజినీరింగ్ గానీ, అక్కడే మినరల్ అండ్ మెటలర్జికల్ ఇంజినీరింగ్ (తవ్విన రాయిలోంచి ఖనిజాన్ని, లోహాన్ని వేరు చేసే చదువు) గానీ వచ్చేలా ఉంది. తనకు మైనింగ్ ఇష్టమంటోంది. లిథియం, రేర్ ఎర్త్స్‌దే ఫ్యూచర్, మినరల్ తీసుకోండని మా బామ్మర్ది అంటున్నాడు. ఇవేవీ వద్దు, హైదరాబాద్‌లో డొనేషన్ కట్టి ఏఐలో చేర్పిద్దామని మా ఇంట్లో అంటున్నారు. రెండు బ్రాంచీల్లో దేనికి స్కోప్ ఎక్కువ? అమ్మాయికి ఏది సేఫ్?

జవాబు:

కోల్‌బెల్ట్ నుంచి ఈ ప్రశ్న కౌన్సెలింగ్ రోజుల్లో ప్రతి ఏడాదీ వస్తుంది. అందరూ స్కోప్ గురించే మొదలుపెడతారు. చివరి వాక్యంలో మాత్రం ‘సేఫ్’ అన్న మాట ఒకటి ఉంటుంది. మీరు నిజంగా అడగాలనుకున్నది అదే. కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను, స్కోప్ సంగతి తర్వాత చూద్దాం.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన సంగతి మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ‘ఇంజినీరైతే ఆఫీసులో కూర్చుంటుంది, ప్రమాదమేమీ ఉండదు’ అని కొందరు చెబుతారు. అది అబద్ధం, నేను చెప్పను. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు చనిపోయినవారిలో అధికారులూ ఉన్నారు. మైనింగ్ ఇంజినీర్ అంటే గనిలోకి దిగే మనిషే. దిగకుండా ఆ ఉద్యోగం లేదు.

అయితే మీరు చేసిన పనీ, మీ అమ్మాయి చేయబోయే పనీ ఒకటి కాదు. మీరు ఉద్యోగంలో చేరిన నాటి బాయిలు ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయో మీకే బాగా తెలుసు. సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్ట్ గనుల నుంచే వస్తోంది. అక్కడ ఇంజినీరు చూసుకునేది బ్లాస్టింగ్ ప్లాను, డంపర్లు తిరిగే దారులు, గట్టు జారిపోకుండా దాని కదలికను కనిపెట్టి ఉండటం. భూగర్భ గనిలోనైతే గాలి సరిగ్గా ఆడేలా చూడటం, కప్పుకు ఎక్కడ ఎన్ని బోల్టులు వేయాలో లెక్క కట్టడం, కప్పును మోయడానికి తవ్వకుండా వదిలే బొగ్గు పిల్లర్ ఎంత వెడల్పు ఉంచాలో తేల్చడం. కప్పును రాడ్‌తో తట్టి చప్పుడు వినడం మీకు అలవాటైన పని. గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల పొర విడిపోతే డొల్లగా మోగుతుంది. ఆ పొర ఎందుకు విడిపోయింది, ఎన్ని మిల్లీమీటర్లు కిందికి జరిగింది, ఆ చోట షిఫ్టు నడపాలా ఆపాలా అన్నవి మీ అమ్మాయి చదివి తేల్చాల్సిన ప్రశ్నలు. ‘పని ఆపండి’ అని చెప్పే అధికారం చట్టం ఎవరికి ఇచ్చిందో వాళ్లలో ఒకరు కావడానికే ఆమె ఆ చదువు చదువుతుంది. బాయిలో పని చేసే మనిషి ఇంట్లోంచే అలాంటి అధికారి వస్తే గనికి మంచిదని నేను నమ్ముతాను.

ఆడపిల్ల కదా అన్న మాట మీరు రాయలేదు కానీ, అది మీ మనసులో ఉంది. 1952 నాటి గనుల చట్టం, సెక్షన్ 46, ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టకూడదంది. 2019లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకు మహిళలు దిగవచ్చు అంది. 2021లో ఆకాంక్షా కుమారి ఝార్ఖండ్‌లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ వాళ్ల చూరి భూగర్భ గనిలో ఇంజినీరుగా చేరారు. రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ భూగర్భ గనుల్లో మేనేజర్ స్థాయికి వెళ్లిన మహిళలున్నారు. తలుపు తెరిచి ఎక్కువ కాలం కాలేదు, లోపల మనుషులు ఇంకా తక్కువే. మొదటి పోస్టింగ్‌లో మీ అమ్మాయి ఒక్కతే అమ్మాయి కావచ్చు. టాయిలెట్ల దగ్గర నుంచి క్వార్టర్ దాకా అడిగి సాధించుకోవాల్సి రావచ్చు. ఆమెకు ఈ సంగతి ముందే చెప్పండి. భయపెట్టడానికి కాదు, తెలిసి వెళ్లడానికి.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బామ్మర్ది అభిప్రాయం ఉంది, ఇంట్లో వాళ్ల అభిప్రాయం ఉంది. అమ్మాయి గురించి ‘మైనింగ్ ఇష్టమంటోంది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఎందుకు ఇష్టమో అడిగారా? ఇన్నేళ్లు మీరు బాయి నుంచి ఇంటికొచ్చి అక్కడేం జరిగిందో ఆమెతో ఏనాడైనా కూర్చుని చెప్పారా? చాలా ఇళ్లలో చెప్పరు. పిల్లలకెందుకు టెన్షన్ అనుకుంటారు. తీరా పిల్ల పెద్దదై ఆ దారే పడతానంటే, మనసులో ఉన్న భయం చెప్పడం మానేసి స్కోప్ లేదని వాదిస్తారు. ఆమె మీ వాదన నమ్మదు, మీ భయం ఆమెకు తెలియదు. ఈ మౌనం మంచిది కాదు. దాన్ని మీరే విడవాలి.

ఇక మీ బామ్మర్ది మాట. లిథియం, రేర్ ఎర్త్స్ అన్న మాటలు రెండు మూడేళ్లుగా ప్రతి ఇంట్లో వినిపిస్తున్నాయి. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. ఆ ఖనిజాలు అక్కర్లేదని నేననడం లేదు. చాలా అవసరం. కేంద్రం 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయలతో క్రిటికల్ మినరల్స్ మిషన్ కూడా మొదలుపెట్టింది. నా బాధ ఏమిటంటే, వార్తకూ ఉద్యోగానికీ మధ్య ఎన్నేళ్ల దూరం ఉంటుందో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

2023 ఫిబ్రవరిలో జమ్మూలోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం నిల్వలున్నాయని ప్రకటన వచ్చింది. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లన్నీ దాని గురించే. కానీ అది ప్రాథమిక స్థాయి అంచనా. తర్వాత ఆ బ్లాకును వేలానికి పెడితే తగినంత మంది ముందుకు రాక వేలం రద్దయింది. నేలలో ఒక ఖనిజం ఉండటం వేరు, దాన్ని గిట్టుబాటుగా తీయడం వేరు. డ్రిల్లింగ్ చేసి నిల్వ ఖాయం చేసుకోవాలి. ఆ రాయిలోంచి లిథియం ఏ పద్ధతిలో వస్తుందో ల్యాబ్‌లో తేల్చాలి, చిన్న ప్లాంటు పెట్టి చూడాలి, అనుమతులు తేవాలి. ఈ లోపు నాలుగేళ్ల బీటెక్ ఎప్పుడో అయిపోతుంది.

రేర్ ఎర్త్స్ అంటే మాగ్నెట్లలాంటి వాటిలో వాడే ఒక గుంపు లోహాలు. వాటి కథ ఇంకో రకం. మన దగ్గర అవి ప్రధానంగా తీరం ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో ఉంటాయి. అందులో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంటుంది కాబట్టి ఆ పని ఎవరు పడితే వాళ్లు చేసేది కాదు, ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ చేతిలో ఉంది. ఇసుకలోంచి మోనజైట్‌ను వేరు చేసే వరకే మినరల్ ప్రాసెసింగ్. ఆ తర్వాత ఒక్కో మూలకాన్ని విడదీయడం సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్, అది రసాయన ప్రక్రియ. పక్కపక్క మూలకాల గుణాలు దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే అదే పనిని ఎన్నో దశల్లో మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. విశాఖలో 2023లో మొదలైన మాగ్నెట్ ప్లాంటు లాంటివి ఇంకా రావాలి, వస్తాయి కూడా. కానీ వాటిలో కావాల్సింది కెమికల్, మెటలర్జీ వాళ్లు. ఒక్కో ప్లాంటుకు ఎక్కువ మందీ అక్కర్లేదు. ‘రేర్ ఎర్త్స్’ అన్న పేరు చూసి బ్రాంచి తీసుకునే పిల్లలకు నిజంగా దొరికే ఉద్యోగం ఇనుము, జింకు, రాగి, సిమెంటులోనే ఉంటుంది. అవి తక్కువ ఉద్యోగాలని నేననుకోను. అవే ఈ రంగానికి అన్నం పెట్టేవి.

అలాగని మినరల్ ఇంజినీరింగ్‌ను తీసిపారేయకండి. అది ఎంత చక్కటి చదువో మన వాళ్లకు తెలియదు. మీకు తెలిసిన సీహెచ్‌పీలో (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో) బొగ్గును పగలగొట్టి, జల్లెడ పట్టి వ్యాగన్లకు ఎక్కిస్తారు. అది ఈ శాస్త్రంలో మొదటి మెట్టు మాత్రమే. మధ్యప్రదేశ్‌లోని మలాజ్‌ఖండ్ రాగి గనిలో తవ్వే రాయిలో రాగి ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ రాయిని బాల్ మిల్లులో పిండి చేస్తారు. నీళ్లు కలిపి, క్జాంథేట్ అనే రసాయనం కొద్దిగా వేస్తారు. అది రాగి ఖనిజం రేణువుకు పట్టుకుంటే ఆ రేణువు నీళ్లకు తడవదు. కింద నుంచి గాలి వదిలితే బుడగలకు అంటుకుని పైకి తేలుతుంది, పనికిరాని రాయి అడుగున ఉండిపోతుంది. ఇనుము, గంధకం ఉండే పైరైట్ కూడా వెంట రాకుండా సున్నం వేస్తారు. పైన నురుగును తీసి ఆరబెడితే రాగి ఇరవై శాతం దాటిన పొడి చేతికొస్తుంది. అనుభవమున్న ఆపరేటర్ నురుగు రంగూ, బుడగ సైజూ చూసి మందు ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తాడు. ఇంజినీరు గంట గంటకూ శాంపిల్ తీయించి దాన్ని అంకెల్లో చూస్తాడు. రాగి శాతం పెంచబోతే కొంత రాగి వృథాగా పోతుంది, అంతా పట్టబోతే చెత్త కూడా వస్తుంది. ఆ రెండింటి మధ్యే రోజంతా.

రాయిని బట్టి పద్ధతి ఎలా మారుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఉంది. టన్ను రాయిలో అర కిలో కూడా ఉండదు. మామూలుగా యురేనియాన్ని యాసిడ్‌తో కరిగిస్తారు. కానీ అక్కడి రాయి సున్నపు జాతిది, పోసిన యాసిడ్‌నంతా రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్‌తో, వేడి, పీడనం పెట్టి కరిగిస్తారు. ఇలాంటి సంగతి వింటే మీ అమ్మాయి కళ్లు మెరిస్తే, ఆమెకు మినరల్ సరిపోతుంది.

‘ప్లాంటయితే సేఫ్’ అని మాత్రం అనుకోకండి. కప్పు కూలే భయం లేకపోవచ్చు. తిరిగే బెల్టులుంటాయి, దుమ్ము ఉంటుంది, బంగారం ప్లాంటైతే సైనైడ్ ఉంటుంది, రాత్రి షిఫ్టులుంటాయి. ప్లాంటు ఉండేది కూడా గని పక్కనే. ఊరికి దూరంగా బతకడం రెండింటికీ తప్పదు.

రెండింటినీ పోల్చి చెప్పమన్నారు కాబట్టి అదీ చెబుతాను, పెద్దగా చెప్పడానికేం లేదు. ప్రతి గనికీ అర్హత సర్టిఫికెట్ ఉన్న మేనేజర్ ఉండాలని చట్టం చెబుతోంది. గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఆ సర్టిఫికెట్ కోసం పెట్టే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ పరీక్షల దారి మైనింగ్ చదివినవారికి సూటిగా ఉంటుంది. కోల్ ఇండియా, సింగరేణి, ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీ లాంటి సంస్థల్లో మైనింగ్ పోస్టులు ఎక్కువ, మినరల్ పోస్టులు తక్కువ. మినరల్ వాళ్లకు స్టీలు, సిమెంటు, పెల్లెట్ ప్లాంట్ల వైపు, పరిశోధన వైపు దారులున్నాయి. గనితో ముడిపడకుండా బయటికి రావడం వాళ్లకు కాస్త తేలిక. నా లెక్కలో ఉద్యోగ భద్రత మైనింగ్‌లో ఒక మెట్టు ఎక్కువ. అంతకు మించి తేడా లేదు.

డొనేషన్ కట్టి ఏఐ అన్న ఆలోచన మానుకోండి. ఏఐ చెడ్డదని కాదు. ఐఐటీలో సీటు వచ్చిన పిల్ల, తను అడగని కోర్సులో, మీ పీఎఫ్ డబ్బుతో చదవాలా? ధన్‌బాద్‌లోనూ కంప్యూటర్లున్నాయి. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే అక్కడే నేర్చుకుంటుంది. గని ప్లానింగ్ అంతా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది.

ఆప్షన్లు పెట్టే ముందు ఈ వారంలో ఒక పని చేయండి. మీ ఏరియాలో తెలిసిన మేనేజర్నో, సేఫ్టీ ఆఫీసర్నో అడిగి ఓపెన్ కాస్ట్ వ్యూ పాయింట్ దాకా, వీలైతే సీహెచ్‌పీ దాకా అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడి ఇంజినీర్లతో ఆమెనే మాట్లాడనివ్వండి, మీరు పక్కకు జరగండి. ఆ సాయంత్రం మీ బాయి సంగతులు చెప్పండి, చెప్పకుండా దాచినవి కూడా. అంతా విన్నాక కూడా మైనింగే అంటే మైనింగ్ మొదటి ఆప్షన్, మినరల్ రెండోది. కాదు, రాయిని ఏం చేస్తారో అదే బాగుందంటే వరుస తిప్పండి. ఏది ముందు పెట్టినా బాధపడాల్సింది లేదు. మైనింగ్ చదివి మినరల్ ప్రాసెసింగ్‌లో ఎంటెక్ చేసినవారున్నారు. ఫీజు సంగతికి వస్తే, మీ ఆదాయానికి తగ్గ రాయితీ ఉందో లేదో చేరే ముందే ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ కూడా ఆమెనే చేయనివ్వండి.